చింతలమెరక హరిత గోళం

కొత్తలంక మండల పరిషత్ ఆఫీసుకి ఆ వస్తువు జీపులో వచ్చింది. వెనక సీట్లో ఇద్దరు జిల్లా ఉద్యోగులు, వాళ్లిద్దరి నడుమ సీటు బెల్టు కట్టుకుని ఒక గాజు సీసా. సీసాలో నీళ్లు. నీళ్ల అడుగున నిమ్మకాయంత పచ్చటి ఉండ.

అటెండరు మంగతాయారు కళ్లజోడు ఎగదోసుకుని చూసింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆఫీసుకి ఏవేవో రావడం చూసిన మనిషి. వానలు వెనకపట్టాక దిగిన గొడుగులు చూసింది, కరెంటు స్తంభం పాతకముందే వచ్చిన ఫ్యాన్లు చూసింది. కానీ దీన్ని మాత్రం రోజూ పొద్దున్నే చూస్తూనే ఉంది.

"ఇది పాచి కదండీ బాబూ?" అంది.

జీపు దిగుతున్న ఉద్యోగి కాలు గాల్లోనే ఆగిపోయింది.

"ఆ మాటన్నదెవరు? సర్క్యులర్ తొమ్మిదో పేరా చదవలేదా? సదరు వస్తువును 'హరిత గోళము' అని మాత్రమే వ్యవహరించవలెను. ఇందాక మీరు పలికిన పదము కార్యాలయ ఆవరణలో నిషిద్ధము."

ఎంపీడీవో త్రివిక్రమరావు గారు గబగబా బయటికొచ్చి సీసాని రెండు చేతులతో అందుకున్నారు. సూపరింటెండెంటు సుందరేశం గారు సర్క్యులర్ అందుకుని, సిబ్బందినందర్నీ వరండాలో నిలబెట్టి చదివారు. జపాను దేశంలో ఒక చల్లటి సరస్సు అడుగున ఈ గోళాలు అలల తాకిడికి దొర్లి దొర్లి గుండ్రబడతాయట. ఇంట్లో చేపల తొట్టిలో వేసుకుంటే నీళ్లలోని మలినాన్ని పీల్చుకుంటాయి, ప్రాణవాయువు వదులుతాయి, పిల్ల రొయ్యలకి నీడనిస్తాయి. ఎండ అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, అప్పుడప్పుడూ నీళ్లు మార్చి కాస్త అటూ ఇటూ దొర్లిస్తే చాలు, నూరేళ్లు బతుకుతాయి. చూసినవాళ్లకి మనసు కుదుటపడుతుంది.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఎవరింట్లోనో బల్ల మీద పెట్టుకుంటే ముచ్చటైన వస్తువే. చిక్కల్లా దాన్ని ప్రభుత్వం పెట్టుకోవడంతోనే వచ్చింది.

జిల్లాలో ఏడువందల పన్నెండు ఆఫీసులకీ తలా ఒక గోళం, దానికో తొట్టి, తొట్టికో సంరక్షకులు. రోజుకి నాలుగుమార్లు గోళాన్ని తూర్పు నుంచి పడమరకు దొర్లించాలి. దొర్లించినట్టు రిజిస్టర్లో సంతకం చెయ్యాలి. నెలనెలా కొలిచి పెరుగుదల పైకి పంపాలి.

"సంరక్షకురాలిగా మంగతాయారుని నియమించడమైనది," అన్నారు త్రివిక్రమరావు గారు.

"నాకేటి తెలుసండి దాని గురించి?"

"చూడగానే ఏమిటో గుర్తుపట్టిన ఏకైక ఉద్యోగివి నువ్వే కదమ్మా!"

గుర్తుపట్టక చస్తుందా? మంగతాయారుది ఆఫీసుకి ఏడు కిలోమీటర్ల దూరంలో చింతలమెరక. ఆ ఊరి వాటర్ ట్యాంకు పద్దెనిమిదేళ్ల నాడు కట్టారు. పైకెక్కే ఇనప మెట్లు ఆరేళ్లకే తుప్పుపట్టి రాలిపోయాయి. అప్పట్నుంచీ పైకెక్కిన మానవుడు లేడు. అయినా ట్యాంకు శుభ్రమవుతూనే ఉంది. ఎలాగంటే, నెలకి మూడుసార్లు, ఒకటో తేదీ, పదకొండో తేదీ, ఇరవై ఒకటో తేదీ, పెయింటరు బుల్లబ్బాయి డబ్బా, కుంచె పట్టుకొచ్చి ట్యాంకు కాలు మీద 'శుభ్రపరచిన తేది' అన్న గడిలో పాత అంకె చెరిపి కొత్త అంకె రాస్తాడు. పంచాయతీ వాళ్లు ఫొటో తీసి పైకి పంపుతారు. పైవాళ్లు ఫొటోలో అంకె చూసి దాహం తీర్చుకుంటారు.

ఊరివాళ్లకి మాత్రం కుళాయికి గుడ్డ కట్టుకోవడం అలవాటైపోయింది. పాత పంచె చింపి నాలుగు మడతలు వేసి కుళాయి మూతికి కడతారు. గంటలో గుడ్డ నిండా గుప్పెడు పాచి దిగుతుంది. దాన్ని దులిపి, మళ్లీ కడతారు. చింతలమెరకలో కొత్త కోడలికి అత్తగారు మొదట నేర్పేది వంట కాదు, గుడ్డ కట్టడం.

ఇన్నేళ్లూ ఏదోలా నెట్టుకొచ్చిన మంగతాయారుకి ఇప్పుడొచ్చింది ముప్పు. సరిగ్గా గోళం దిగిన వారంలోనే ఆవిడ ఒక్కగానొక్క కూతురు నాగదుర్గ ఏడో నెలతో పుట్టింటికొచ్చింది. వచ్చిన మర్నాడే పంపు దగ్గర బిందెలోకి తొంగిచూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అమ్మా, ఈ నీళ్లతోనా నా బిడ్డకి పురుటి స్నానం?"

"గుడ్డ కట్టేనే. కాచి చల్లారుస్తాను."

"కాస్తే పాచి పులుసవుద్ది గానీ నీళ్లవుతాయేంటి? చెప్తున్నా చూడు. పురుడు వేళకి నీళ్లు బాగుపడకపోతే మా అత్తోరింటికెల్లి కనేస్తాను."

మంగతాయారు బుగ్గలు నొక్కుకుంది. తొలికాన్పు అత్తారింట్లోనా! ఇక వీధిలో తలెత్తుకోవడమే? వియ్యపురాలు పెళ్లినాడే కాఫీ తాగి, "మీ ఊరి నీళ్లకి రంగు కూడా ఉందే వదినగారూ" అన్న మనిషి. ఈ సంగతి తెలిస్తే మనవడి పెళ్లి దాకా చెప్పుకుంటుంది.

ఆ సోమవారం అర్జీల రోజు. మంగతాయారు డ్యూటీ చీర మీదే బయటికి వెళ్లి, ప్రజల్లో మనిషిలాగా గేటులోంచి లోపలికొచ్చి, అర్జీ పట్టుకుని వరసలో నిలబడింది. ఇలాంటి అర్జీ నాలుగేళ్లలో ఆవిడకిది పదిహేడోది. కానీ ఈసారి పద్ధతి మారింది. అర్జీ ఇచ్చేవాళ్లెవరైనా ముందు తొట్టి దగ్గర రెండు నిమిషాలు కూర్చుని హరిత గోళాన్ని చూడాలి. చూశాక కోపం తగ్గిందో లేదో ఫారంలో టిక్కు పెట్టాలి.

మంగతాయారు తను తోమిన తొట్టి ముందు తనే కూర్చుంది. మొహమాటం లేకుండా చెప్పాలంటే కాస్త తగ్గింది కూడా. పొద్దుటి వెలుగులో ఆ పచ్చటి ఉండ ఒంటి మీద చిన్న చిన్న బుడగలు, నీళ్లేమో అద్దంలా. 'ఇంత ఉండ ఇంత తొట్టిని ఇంత తేటగా ఉంచుతుంటే, ఇంతమంది మనుషులున్న ఆఫీసు ఒక్క ట్యాంకుని ఉంచలేకపోయింది కదా' అనుకుంది. 'తగ్గింది' అన్న గడిలో టిక్కు పెట్టింది.

త్రివిక్రమరావు గారు ఫారం చూసి, అర్జీ మడిచి ట్రేలో వేసేశారు.

"కోపం తగ్గినందున అర్జీ పరిష్కారమైనట్టు భావించడమైనది. నెక్స్ట్!"

"అయ్యో, కోపం తగ్గింది గానండి, పాచి తగ్గలేదండి!"

"మంగతాయారూ! ఆ మాట! ఇదిగో, నీ అర్జీలోనూ ఆ నిషిద్ధ పదమే ఏడు చోట్ల ఉంది." ఆయన ఎర్ర పెన్నుతో ఏడు చోట్లా కొట్టేసి పైన 'హరిత సంపద' అని రాశారు. ఇప్పుడా అర్జీ ఇలా చదువుకోవచ్చు: 'మా ఊరి ట్యాంకులో హరిత సంపద విపరీతంగా ఉన్నది. కావున తమరు దయతలచి…'

"చూశావా, ఎంత బాగుందో. ఇది అర్జీలా లేదు, అభినందనలా ఉంది."

నెలాఖరొచ్చింది. సుందరేశం గారు టైలరు టేపుతో గోళాన్ని కొలిచారు. పెరుగుదల సున్నా. అది ఏడాదంతా కష్టపడితే బియ్యపు గింజంత పెరిగే జాతి. ఆ సంగతి సర్క్యులర్లోనే ఉంది, కానీ పెరుగుదల ఫారం తయారుచేసినవారు వేరే సెక్షను. పైనుంచి మెమో వచ్చింది: 'పెరుగుదల లేకపోవుట పర్యవేక్షణ లోపముగా పరిగణించబడును.' పక్క మండలం వాళ్లు తమ గోళం నెలలో అంగుళం పెరిగిందని రాశారు. ఆ పక్కవాళ్లు రెండంగుళాలన్నారు. మూడోవాళ్లది కాగితం మీద కొబ్బరిబోండమంతయింది.

"గోళానికి సహవాసం లేక దిగులు పడుతోందేమో సార్," అన్నారు సుందరేశం గారు. "రొయ్యపిల్లలకి నీడనిస్తుందని ఉంది కదా, నాలుగు వేద్దామా?"

"ఈ మండలంలో రొయ్యలేస్తే మర్నాటికి ఎవడో ఒకడు వేయించుకు తింటాడు. బంగారు చేపలెయ్యండి. హుందాగా ఉంటాయి."

అయిదు బంగారు చేపలొచ్చాయి. హుందాగానే ఉన్నాయి. హుందాగానే గోళం చుట్టూ తిరిగాయి. హుందాగానే తినడం మొదలుపెట్టాయి.

"అయ్యగారూ, చేపలు ఉండని తినేస్తన్నాయండి!" అని మంగతాయారు అరిచేసరికి నిమ్మకాయంత గోళం కుంకుడుకాయంత మిగిలింది. ప్రభుత్వ ఆస్తికి నష్టం. సుందరేశం గారు అయిదు చేపలకీ ఉమ్మడిగా షోకాజ్ నోటీసు తయారుచేసి, అవి చదువుకోవడానికి వీలుగా అక్షరాలు లోపలివైపుకి ఉండేలా గాజుకి అతికించారు. మూడు రోజుల గడువు. చేపలు జవాబివ్వలేదు. గడువులోగా స్పందించనందున వాటిని విధుల నుంచి తప్పించి బకెట్లో వేశారు.

ఆ వారమే, బుధవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఈ గోళాల పథకం చూసే జిల్లా హరితోల్లాస ప్రత్యేకాధికారి డాక్టర్ నీలాద్రిరావు గారు మర్నాడు పదకొండు గంటలకి తనిఖీకి వస్తున్నారు.

త్రివిక్రమరావు గారు ఫోను పెట్టేసి కుంకుడుకాయ వంక చూశారు. అప్పటికే ఆయన పంపిన రెండో నెల రిపోర్టులో గోళం తాటికాయంత ఉంది. పక్క మండలాలతో పోటీ మరి.

"మంగతాయారూ," అన్నారు నీరసంగా, "సంరక్షకురాలివి నువ్వు. రిపోర్టు కింద నీ సంతకం కూడా ఉంది."

"ఖాళీ కాగితం మీద పెట్టించుకున్నారండి."

"అందుకే దాన్ని సంతకం అన్నారు, చదువు అనలేదు. ఇప్పుడేంటి దారి?"

మంగతాయారు ఒక్క క్షణం ఆలోచించింది. పది తరాల రైతు రక్తం కదా, ఆ క్షణం చాలు.

"తాటికాయంతది నేను తెస్తానండి. మీరు మాత్రం అది ఎక్కడిదని పెద్దయ్యగారు అడిగితే నోరెత్తకండి. నేను చెప్తాను."

మర్నాడు పొద్దున్న అయిదున్నరకి చింతలమెరకలో కుళాయిలొచ్చాయి. మంగతాయారు ఇత్తడి పళ్లెం పట్టుకుని వీధి మొదట్నుంచీ బయల్దేరింది.

"ఏంటే తాయారూ, పేరంటానికి పిలుస్తన్నావా?"

"గుడ్డ విప్పండొదినా. మీ పాచి నాకియ్యండి."

"ఓసినీ! ఇన్నాళ్లూ మన ఆఫీసోళ్లకి పని చెయ్యడమే చేతకాదనుకున్నాం, ఇప్పుడు పాచి వసూలుక్కూడా ఒచ్చేశారే!"

నవ్వుతూనే ఇచ్చారు. నలభై కుళాయిల గుడ్డలు దులిపేసరికి పళ్లెం నిండింది. అరుగు మీద కూర్చుని, మధ్యలో గుండ్రాయి పెట్టి, దాని చుట్టూ కొబ్బరి పీచు చుట్టి, ఆ పైన పాచి అద్ది, నీళ్లు పిండుతూ సున్నుండ చుట్టినట్టు చుట్టింది. నిండు నెలల పొట్టతో నాగదుర్గ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అమ్మా, నీకేవన్నా అయిందా?"

"నీ పురుడు నా ఇంట్లోనే పోస్తానే. దానికే ఇది."

స్టీలు గిన్నెలో పెట్టి గుడ్డ కప్పి బస్సెక్కితే కండక్టరు వాసన చూసి, "ఏం కూరండీ?" అన్నాడు. "ప్రభుత్వానిది," అంది.

పదకొండు గంటలకి నీలాద్రిరావు గారు తొట్టి ముందు నిలబడ్డారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏడువందల పన్నెండు ఆఫీసులు," అన్నారు. "రాతకీ వాస్తవానికీ అణుమాత్రం తేడా లేనిది ఈ ఒక్కచోటే చూశాను. ఆ కొబ్బరిబోండం వాళ్ల దగ్గర ఏముందో తెలుసా? గోళీకాయ! అడిగితే ముడుచుకుందన్నారు. దీని వెనక రహస్యమేమిటి త్రివిక్రమరావ్?"

"సిబ్బంది సమష్టి కృషి సర్," అని త్రివిక్రమరావు గారు ఆగిపోయి మంగతాయారు వైపు చూశారు.

"విత్తనమండి," అంది మంగతాయారు చేతులు కట్టుకుని. "మా ఊరి విత్తనం, బాబూ. చింతలమెరక ట్యాంకులో పద్దెనిమిదేళ్లుగా ఊరుతున్న హరిత సంపదండి. కావాలంటే అర్జీ ఉంది, అయ్యగారే స్వహస్తాలతో దిద్దేరు."

ఎర్ర పెన్ను దిద్దుళ్లతో అర్జీ బయటికొచ్చింది. నీలాద్రిరావు గారు రెండుసార్లు చదివారు.

"ఇంత సంపద ఇన్నాళ్లూ వృథాగా ప్రజలు తాగేస్తున్నారా? తక్షణం మొత్తం సేకరించండి. ఒక్క పోగు మిగలకూడదు. ఒకటో తేదీకల్లా ఏడువందల పదకొండు ఆఫీసులకి ఇదే సైజు గోళాలు చేరాలి."

పదిహేడు అర్జీలకి కదలని యంత్రాంగం ఆ సాయంత్రానికల్లా చింతలమెరకలో దిగింది. ముందు నీలాద్రిరావు గారు, వెనక ఇద్దరు ఇంజినీర్లు, కొత్త ఇనప మెట్లు, వెల్డింగు మిషను, పన్నెండుమంది పనివాళ్లు, బకెట్లు, బ్రష్షులు. నిచ్చెనకి బడ్జెట్ లేదని ఇన్నేళ్లూ జవాబు రాసినాయనే నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

తీరా పని మొదలెట్టబోతుంటే కుర్ర ఇంజినీరొకడు ట్యాంకు కాలు చూసి ఆగిపోయాడు. "సార్, ఇది మొన్న ఇరవై ఒకటినే శుభ్రం చేసినట్టు రాసుందే? శుభ్రం చేసిన ట్యాంకులో ఆ సంపద ఎలా ఉంటుంది? ఉందంటే ఆ రాత అబద్ధమవుతుంది. రాత నిజమంటే పైన ఏమీ ఉండకూడదు. ఎక్కమంటారా, వద్దంటారా?"

అందరూ తలలు పట్టుకున్నారు. రికార్డుని కాదని ట్యాంకెక్కితే పన్నెండేళ్ల ఫొటోలన్నిటికీ సంజాయిషీ చెప్పుకోవాలి. పని ఆగేలా ఉంది. మంగతాయారు కళ్లముందు వియ్యపురాలు కాఫీ కప్పుతో మెదిలింది.

"అయ్యా, తప్పేముందండి," అంది. "వరి చేలో తేదీ వేస్తే దున్ని దమ్ము చేసిన తేదీ అవుద్ది గానీ కలుపు తీసింది ఎందుకవుద్ది? ఇన్నాళ్లూ శుభ్రం చేసింది నారుమడి కోసమండి. మడి శుభ్రంగా ఉంటేనే గదండీ పంట ఇంత ఏపుగా వచ్చింది."

నీలాద్రిరావు గారి ముఖం వికసించింది. "రాసుకోండి. 'సదరు శుభ్రతా చర్యలు సాగుకు పూర్వరంగముగా చేపట్టబడినవి.' రాత నిజమే, పంటా నిజమే. ఎక్కండి!"

ఎక్కారు. మూడు రోజులు గీకారు. గోడలు, అడుగు, మూల మూలలా, పైపు మూతులు, అన్నీ గీకారు. ఒక్క పోగు వదిలినా జవాబుదారీ అని భయపడి బ్రష్షుతో, బ్లీచింగుతో, చివరికి గోళ్లతో గీకారు. ఇరవై రెండు డ్రమ్ముల హరిత సంపద లారీ ఎక్కి వెళ్లిపోయింది. నాలుగో రోజు పొద్దున్న కుళాయి తిప్పితే గుడ్డ తెల్లగానే ఉంది. వీధి వీధంతా గుడ్డలు విప్పి ఒకరికొకరు చూపించుకున్నారు. ముసలి సత్తెమ్మ అయితే నీళ్లు పుక్కిలించి, "రుచి పోయిందే," అంది.

ఆరో రోజున నాగదుర్గ ఆడపిల్లని కంది, పుట్టింట్లోనే. పదకొండో రోజు పురుటి స్నానానికి వచ్చిన వియ్యపురాలు కాగులోకి తొంగిచూసింది, చెంబుతో ముంచి వెలుగులో పెట్టి చూసింది, ఇంకేం దొరక్క, "నీళ్లు మరీ పలచగా ఉన్నట్టున్నాయి వదినగారూ," అంది. ఆ మాట మంగతాయారుకి పట్టుచీర పెట్టినట్టనిపించింది.

మంగతాయారు ఇంటి కిటికీలో పచ్చడి సీసా ఉంది. చేపలు తినగా మిగిలిన అసలు గోళం, ఆఫీసు పుస్తకాల్లోంచి 'కరిగిపోయినది' అని కొట్టేసినది, ఆ సీసాలో కూర్చుంది. దాన్నెవరూ కొలవరు. అది కూడా కులాసాగా ఉంది. పసిపిల్ల ఏడుపు ఆపి దాని వంకే చూస్తోంది.

అప్పుడొచ్చింది మెమో. నీలాద్రిరావు గారి సంతకం. 'చింతలమెరక హరిత క్షేత్రమందు ఈ నెల ఉత్పత్తి శూన్యమని తెలియుచున్నది. తక్షణమే సదరు ట్యాంకునందు బీజములు నాటించి, నెలకు మూడు పర్యాయములు నాటిన తేదీతో ఫొటోలు పంపవలెను. బాధ్యులు: క్షేత్ర సంరక్షకురాలు శ్రీమతి మంగతాయారు.' దాంతోపాటు ఒక బస్తా కూడా పంపారు. అందులో ఆవిడ ఊరి పాచే, ఎండబెట్టి, సీలు వేసి.

మంగతాయారు మెమో మడిచి బొడ్లో దోపుకుంది. బస్తా దొడ్లోకి ఈడ్చి అరటిచెట్టు మొదట్లో బోర్లించింది. ట్యాంకు దగ్గరికెళ్లేసరికి బుల్లబ్బాయి డబ్బా, కుంచె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పదకొండో తేదీ కదా.

"కుంచె తర్వాత. ముందు బ్లీచింగు పట్టుకుని పైకెక్కు," అంది.

"నేనా? పైకా?"

"మెట్లు కొత్తయ్యే. ఎక్కు."

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి బుల్లబ్బాయి ట్యాంకెక్కాడు. గంటసేపు కడిగి, చెమటలు కక్కుతూ దిగి, కుంచె ముంచి, ఏం రాయాలన్నట్టు చూశాడు. మంగతాయారు చెప్పింది. అతను 'శుభ్రపరచిన తేది' మీద సున్నం పూసి, దాని మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'హరిత గోళ బీజములు నాటిన తేది: 11.'

వెనక్కి జరిగి చూసుకుని తల గోక్కున్నాడు.

"ఇదేం అన్యాయం అక్కా. ఇన్నేళ్లూ కడక్కుండా కడిగేనని రాసేను. ఇవాళ నడుం పడిపోయేలా కడిగితే, కడిగేనని రాసుకోడానికి లేదా?"

"ఊరుకోరా. నువ్వు రాసింది వాళ్లు తాగుతారు, నువ్వు కడిగింది మనం తాగుతాం. ఫొటోకి పక్కకి జరుగు."